ఇతర ఖర్చులు

డండీలో గురువారం.
టే నది మీద పొగమంచు లేచి
రైలు వంతెనని సగానికి మింగేసింది.
మూడో అంతస్తులో నేను, ఒక హీటరు,
ఈ ఏటి అంతర్జాతీయ భాగస్వామ్య నిధికి వచ్చిన
దరఖాస్తులు పదకొండు.

ఒకే తిరగలిలో పోసి విసిరినట్టు అన్నింట్లోనూ అవే మాటలు:
పరస్పరం, సుస్థిరం, దీర్ఘకాలికం.
విమానం టిక్కెట్లు రెండు,
వర్క్‌షాపు ఒకటి,
భోజనానికి తలకి పద్దెనిమిది పౌండ్లు.

పన్నెండోది గడువు చివరి గంటలో వచ్చింది.
ఐల్సా రెనీ
సైకిలు హెల్మెట్ తియ్యకుండానే నా బల్ల ముందు నిలబడింది.
జనపనార మీద ఆమె పని,
మైమన్‌సింగ్‌లో షిరీన్ తాలుక్‌దార్‌తో కలిసి.
ఆరేళ్లుగా ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది తెర మీదే.
నానేసిన కట్టె నారని ఎప్పుడు వదులుతుందో,
ఏ సూక్ష్మజీవి ఆ ముడి విప్పుతుందో
ఇక్కడి పిల్లలకీ అక్కడి పిల్లలకీ
ఒకే తరగతిలో చెప్పాలని.

అడిగింది ఏడు వేలు.
విమానాలు లేవు.
ప్రమాదాల అంచనా దగ్గర షిరీన్ రాసింది:
జలగలు. కరెంటు. ఆగస్టులో వాన ముఖం చాటెయ్యడం.

ఈ ఊరికి జనపనార కొత్తేం కాదు.
మా ఆఫీసు గోడ ఒకప్పటి మిల్లు గోడ.
ఓడ నిండా బేళ్లు ఇటు,
ఓడ నిండా గోనెలు అటు.
అదీ భాగస్వామ్యమే, చిట్టా పుస్తకంలో.
'పూర్వ సంబంధాలు' అన్న గడిలో
ఐల్సా ఒక్క మాటే రాసింది: ఉన్నాయి.

నేను నెల్లిమర్ల మనిషిని.
మిల్లు సైరన్‌తో గడియారాలు దిద్దుకునే వీధి మాది.
పచ్చడిలోకి ఆకిచ్చిన గోగే
కట్టెగా నీళ్లలో కుళ్లి గోనె అవుతుందని
ముందు నా ముక్కుకి తెలిసింది,
చదువు తరవాత వచ్చింది.
ఆ కంపు సంగతి చెబితే
ఐల్సా హెల్మెట్ తీసి కుర్చీ లాక్కుంది.

చిక్కంతా ఒక్క వరుసలో.
నార వలిచే ఆడవాళ్లు ఐదుగురు,
రోజుకి ఇంత, నలభై రోజులు.
నాలుగో నిబంధన, 'సి':
స్థానిక కూలి చెల్లదు.
ప్రొఫెసరు నడుంనొప్పికి బిజినెస్ క్లాసు
డాక్టరు చీటీ ఉంటే చెల్లుతుంది.
రాసినవాళ్లు చెడ్డవాళ్లేం కారు,
ఎప్పుడూ నీళ్లలో నిలబడి ఉండరు, అంతే.

"ఆ వరుస కొట్టేస్తే మిగతాది దాటిపోతుంది" అన్నాను.
ఐల్సా మాట్లాడలేదు.
ఫోనులో ఒక వీడియో పెట్టి నా వైపు తిప్పింది.

కుంట. మోకాలి లోతున నల్లటి నీళ్లు.
ఒకామె కట్టె విరిచి, పీచు సాగదీసి,
వాసన చూసి
తల అడ్డంగా ఊపింది: ఇంకా రెండు రోజులు.
షిరీన్ మీటరూ అదే చెప్పింది,
మర్నాటికి.

కర్సరు చాలాసేపు కొట్టుకుంది.
తరవాత ఆ వరుసని పట్టుకుని
బోధన కింద దించాను:
అతిథి అధ్యాపకులు, ఐదుగురు,
గౌరవ వేతనం.

పది రోజులకి కమిటీ అడిగింది, మర్యాదగానే:
ఐదుగురి విద్యార్హతలు జతచేయలేదు,
ఇంటిపేర్లు ఖాళీగా ఉన్నాయి.

షిరీన్ పంపింది:
ఖాతూన్, బేవా, బేవా, ఖాతూన్, బేవా.
బేవా ఇంటిపేరు కాదట,
మొగుడు పోయినామె అని అర్థమట.
గడి ఊరుకోదు కదా, ఉంచేశాం.
విద్యార్హతలు నేనే నింపాను:
ముప్పై ఏళ్లు, నీళ్లలో.

నిర్ణయం ఇంకా రాలేదు.
నిన్న ఐల్సా పేరున ఒక పార్సెల్
దారి తప్పి నా బల్ల మీదికి వచ్చింది.
కత్తెర కోసం వెతకబోయి ఆగాను,
విప్పకముందే తెలిసిపోయింది.
హీటరు వెచ్చదనానికి అంతస్తంతా
ఆ కంపు మెల్లగా పరుచుకుంటుంటే
ఎవరో కిటికీ తెరిచారు.

నేను లేచి వెళ్లి మూసొచ్చాను.